హైదరాబాదు నుంచి దుబాయికి: ఎంత దూరం? ఎంత సేపు?

"బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి." తెలంగాణ పల్లెల్లో ఈ మాట తెలియనివారు లేరు. ఊళ్ళో పని దొరకనివారు బతుకుదెరువుకు పోయే మూడు చోట్లు ఇవి. బొగ్గుబాయి అంటే సింగరేణి గనులు. బొంబాయి అంటే నేటి ముంబయి. దుబాయి అంటే ఒక్క దుబాయి పట్నమే కాదు. మస్కట్, కువైట్, సౌదీ, ఖతర్, బహ్రెయిన్ అన్నిటినీ కలిపి మనవాళ్ళు దుబాయి అనే అంటారు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు వైపు పల్లెల నుంచి ఎంతోమంది మగవాళ్ళు గల్ఫ్ దేశాలకు పోయారు. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎంతోమంది ఆడవాళ్ళు కువైట్‌లో ఇంటిపనికి పోయారు.

పోయేవారు టికెట్ కొంటారు. టికెట్ మీద అంకెలు ఉంటాయి. ఆ అంకెలు చదవడం వస్తే ప్రయాణం సాఫీగా సాగుతుంది. చదవడం రాకపోతే విమానం వెళ్ళిపోతుంది. అప్పు మాత్రం మిగులుతుంది. ఈ పాఠంలో ఆ అంకెల సంగతి నేర్చుకుందాం. పలక గానీ, కాగితం గానీ దగ్గర పెట్టుకోండి.

గాలి దారి

హైదరాబాదు నుంచి ఢిల్లీకి రైలు దారి సుమారు 1,670 కిలోమీటర్లు. విమానం దారి సుమారు 1,260 కిలోమీటర్లే. ఊర్లు అవే. దూరం ఎందుకు తగ్గింది?

రైలు పట్టాలు తిన్నగా పోవు. గుట్టలు తప్పించుకోవాలి. వంతెన ఉన్నచోట నది దాటాలి. పెద్ద ఊర్లను కలుపుతూ పోవాలి. అందుకే దారి వంకరలు తిరుగుతుంది. గాలిలో గుట్ట లేదు, వాగు లేదు. విమానం చాలావరకు సూటిగా పోతుంది. పొలానికి బండి బాటన పోతే ఎక్కువ దూరం. గట్ల మీదుగా అడ్డంగా పోతే తక్కువ దూరం. ఇదీ అంతే.

హైదరాబాదు విమానాశ్రయం శంషాబాదులో ఉంది. 2008 మార్చిలో అది మొదలైంది. అంతకుముందు బేగంపేట నుంచి విమానాలు నడిచేవి. శంషాబాదు నుంచి దుబాయికి గాలి దారిలో సుమారు 2,550 కిలోమీటర్లు. విమానం పడమర దిక్కుగా, కొంచెం ఉత్తరానికి వంగి పోతుంది. ముందు మహారాష్ట్ర మీదుగా పోతుంది. తర్వాత అరేబియా సముద్రం వస్తుంది. దారిలో ఎక్కువ భాగం కింద నీళ్ళే. సముద్రం దాటితే ఎడారి దేశం. అక్కడే దుబాయి.

దూరం తెలిసింది, కాలం ఎంత?

కాలం తెలుసుకోవాలంటే దూరాన్ని వేగంతో భాగించాలి. బస్సు గంటకు 50 కిలోమీటర్లు పోతుందనుకోండి. 2,550ని 50తో భాగించండి. 51 వస్తుంది. అంటే బస్సు రాత్రింబగళ్ళు ఆగకుండా పరుగెత్తినా 51 గంటలు పడుతుంది. రెండు రోజులు దాటిపోతుంది. సముద్రం మీద బస్సు పోదు గానీ, లెక్క కోసం చూశాం.

పెద్ద విమానం పైకి లేచాక గంటకు 800 నుంచి 900 కిలోమీటర్లు పోతుంది. నడిమి అంకె 850 తీసుకుందాం. 2,550ని 850తో భాగించండి. సరిగ్గా 3 వస్తుంది.

అయితే దుబాయికి 3 గంటలేనా? టికెట్ చూస్తే సుమారు 4 గంటలు ఉంటుంది. లెక్క తప్పిందా? లెక్క తప్పలేదు. మనం కొన్ని సంగతులు కలపలేదు.

మొదటిది, విమానం తలుపు మూసిన వెంటనే ఎగరదు. నేల మీద మెల్లగా నడుచుకుంటూ పరుగు బాట దగ్గరికి పోవాలి. ముందు వేరే విమానాలు ఉంటే వరుసలో ఆగాలి. దిగిన తర్వాత కూడా అంతే. టికెట్‌లో ఈ సమయం కూడా కలిసి ఉంటుంది.

రెండవది, లేచేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ. విమానం పది పదకొండు కిలోమీటర్ల ఎత్తులో పోతుంది. ఎవరెస్టు శిఖరం ఎత్తు తొమ్మిది కిలోమీటర్ల లోపే. అంతకన్నా పైకి ఎక్కాలి, మళ్ళీ దిగాలి. బండి గుట్ట ఎక్కేటప్పుడు మెల్లగా పోదా? అట్లాగే.

మూడవది గాలి. దీని సంగతి కొంచెం వివరంగా చూద్దాం.

ఎదురుగాలి, వెనుకగాలి

వాగులో ఈత కొట్టినవారికి ఈ సంగతి చెప్పక్కరలేదు. నీటి వాలున పోతే ఒళ్ళు అలవదు. ఏటికి ఎదురీదితే చేతులు పడిపోతాయి. దూరం ఒక్కటే, శ్రమ వేరు.

ఆకాశంలో చాలా ఎత్తున పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. చలికాలంలో మన దేశం ఉత్తర భాగం మీద, అరబ్బు దేశాల మీద దాని జోరు ఎక్కువ. మన విమానం దుబాయికి పోయేటప్పుడు పడమరకు పోతుంది. కాబట్టి ఎదురుగాలి. తిరిగి వచ్చేటప్పుడు తూర్పుకు వస్తుంది. కాబట్టి గాలి వెనుక నుంచి తోస్తుంది.

ఎదురుగాలి గంటకు 100 కిలోమీటర్లు ఉందనుకుందాం. 850లో 100 తీసేస్తే 750. 2,550ని 750తో భాగిస్తే సుమారు 3 గంటల 24 నిమిషాలు. వచ్చేటప్పుడు 850కి 100 కలపాలి. 950 అవుతుంది. 2,550ని 950తో భాగిస్తే సుమారు 2 గంటల 41 నిమిషాలు. నేల మీద నడక, ఎక్కడం, దిగడం కలపండి. పోవడానికి 4 గంటల దాకా, రావడానికి 3 గంటల 30 నిమిషాల దాకా ఎందుకు పడుతుందో తెలుస్తుంది.

కొంతమందికి ఇంకో అనుమానం వస్తుంది. "భూమి గిర్రున తిరుగుతుంది కదా! విమానం పైకి లేచి ఊరికే నిలబడితే దుబాయి దానంతట అదే కిందికి రాదా?" మంచి అనుమానమే. కానీ రాదు. భూమితో పాటు గాలి కూడా తిరుగుతుంది. గాలిలో ఉన్న విమానం కూడా తిరుగుతుంది. పోయే రైలు పెట్టెలో ఈగ ఎగురుతుంది. రైలు ముందుకు పోయినా ఈగ వెనక గోడకు కొట్టుకోదు. పెట్టెలోని గాలి రైలుతోనే పోతుంది గనుక. విమానం సంగతీ అంతే.

గడియారం ఎందుకు మారుతుంది?

దుబాయిలో దిగినవారు మొదట గడియారం ముల్లు వెనక్కి తిప్పుకుంటారు. ఎందుకు?

భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. అందుకే తూర్పున ఉన్నవారికి ముందు తెల్లవారుతుంది. పడమర ఉన్నవారికి తర్వాత తెల్లవారుతుంది. మనకు పొద్దు పొడిచినప్పుడు దుబాయిలో ఇంకా చీకటే.

ఎంత తేడా? భూమి చుట్టు మొత్తం 360 డిగ్రీలు. ఒక చుట్టు తిరగడానికి 24 గంటలు. 360ని 24తో భాగిస్తే 15. అంటే గంటకు 15 డిగ్రీలు. ఒక్క డిగ్రీకి 4 నిమిషాలు.

ఈ డిగ్రీలను లండన్ దగ్గరి గ్రీనిచ్ నుంచి లెక్కపెడతారు. మన దేశం గడియారానికి 82½ డిగ్రీల గీతను పట్టుకున్నారు. ఆ గీత ఆంధ్రప్రదేశ్‌లో కాకినాడకు దగ్గరగా పోతుంది. 82½ని 4తో హెచ్చవేయండి. 330 నిమిషాలు. అంటే 5½ గంటలు. అందుకే గ్రీనిచ్ కన్నా మన గడియారం 5½ గంటలు ముందు. దుబాయి గడియారం గ్రీనిచ్ కన్నా 4 గంటలు ముందు. 5½లో 4 తీసేస్తే 1½. మనకన్నా దుబాయి గంటన్నర వెనుక.

గల్ఫ్ దేశాల సమయం ఇలా గుర్తు పెట్టుకోండి:

దుబాయి, అబుదాబి, షార్జా, మస్కట్: మనకన్నా గంటన్నర వెనుక.

సౌదీ, కువైట్, ఖతర్, బహ్రెయిన్: మనకన్నా రెండున్నర గంటలు వెనుక.

మన సమయం నుంచి తీసేస్తే అక్కడి సమయం వస్తుంది. అక్కడి సమయానికి కలిపితే మన సమయం వస్తుంది.

టికెట్ మీద గడియారం

టికెట్ మీద పొద్దున, మాపు అని రాయరు. రైలు టికెట్ లాగానే 24 గంటల లెక్క ఉంటుంది. మధ్యాహ్నం 12 దాటితే 13, 14, 15 అని పోతుంది. 12 కన్నా పెద్ద అంకె కనిపిస్తే అందులో 12 తీసేయండి.

13:00 అంటే మధ్యాహ్నం 1 గంట.

18:30 అంటే సాయంత్రం 6:30.

21:45 అంటే రాత్రి 9:45.

23:59 తర్వాత 24 అని రాయరు. 00:00 అవుతుంది. అక్కడ కొత్త తారీఖు మొదలవుతుంది. 00:50 అంటే అర్ధరాత్రి దాటిన తర్వాత 50 నిమిషాలు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. మన ఇళ్ళల్లో తెల్లవారితేనే దినం మారుతుంది. పంచాంగంలో కూడా వారం సూర్యోదయంతో మొదలవుతుంది. సోమవారం రాత్రి రెండు గంటలకు బిడ్డ పుట్టిందంటే, మనం సోమవారం రాత్రే అంటాం. టికెట్ లెక్క అది కాదు. టికెట్‌కు అర్ధరాత్రి పన్నెండు దాటితే మంగళవారం. గల్ఫ్‌కు పోయే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున ఉంటాయి. అందుకే ఈ సంగతి గట్టిగా పట్టుకోవాలి.

ఒక ఇంటి ముచ్చట

జగిత్యాలకు దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళోని ఇల్లు అనుకుందాం. ఆ ఇంటి కొడుకుకు దుబాయిలో పని కుదిరింది. వీసా వచ్చింది. వీసాకు గడువు ఉంది. మిత్తికి అప్పు తెచ్చి టికెట్ కొన్నారు. టికెట్ మీద ఇలా ఉంది:

హైదరాబాదు: 14 మార్చి, 00:50

దుబాయి: 14 మార్చి, 03:20

తండ్రి టికెట్ చేతిలో పట్టుకున్నాడు. "పద్నాలుగో తారీకు రాత్రి పోవుడు అన్నట్టు. ఆ దినం పొద్దుగాల పోశమ్మకు మొక్కి, చుట్టాలకు బువ్వ పెట్టుకొని, మాపటికి బయలెల్లుదాం" అన్నాడు.

కోడలు రాత్రి బడిలో రెండో పుస్తకం చదువుతోంది. టికెట్ తీసుకొని ఒక్కొక్క అంకె చదివింది. "మామా, సున్న సున్న యాభై అని ఉన్నది. గిది పద్నాలుగో తారీకు మాపటిది కాదు. పదమూడు రాత్రి పన్నెండు దాటంగనే పద్నాలుగు వడుతది. అప్పటిది" అంది.

మామ ఒప్పుకోలేదు. "నేను నాలుగు సార్లు దుబాయి పోయొచ్చిన బిడ్డా. నాకు ఎరుక లేదా?"

"మీరు పోయిన్నాడు టికెట్ ఎవలు చదివిండ్రు మామా?"

మామ ఆలోచించాడు. 1990ల్లో ఆయన బొంబాయి మీదుగా పోయాడు. ఊరి నుంచి బస్సులో బొంబాయి. అక్కడ ఒక గదిలో పదిహేను మందితో కలిసి రోజుల తరబడి ఎదురుచూపు. ఏజెంటు ఒక రాత్రి వచ్చి లేపాడు, అందరినీ జీపులో తీసుకుపోయాడు. "చదివిందీ లేదు, చూసిందీ లేదు. ఏజెంటు లెమ్మంటే లేచిన, నడువుమంటే నడిచిన" అన్నాడు మెల్లగా.

"అయితే టికెట్ ఇచ్చిన ఆఫీసుకు ఫోన్ చేసి అడుగుదాం. అడిగితే తప్పేమున్నది?" అంది కోడలు.

కొడుకు ఫోన్ చేశాడు. ఆఫీసులో వాళ్ళు చెప్పింది కోడలు చెప్పిందే. "పదమూడో తారీఖు రాత్రి పది గంటల లోపల విమానాశ్రయంలో ఉండాలి."

ఇల్లు కాసేపు నిశ్శబ్దమైపోయింది. పద్నాలుగో తారీఖు మాపటికి బయలుదేరి ఉంటే, అప్పటికి విమానం దుబాయిలో దిగి పన్నెండు గంటలు దాటిపోయి ఉండేది. టికెట్ పైసలు పోయేవి. కొత్త టికెట్‌కు మళ్ళీ అప్పు. వీసా గడువు దాటితే పనే పోయేది.

మామ టికెట్ కోడలి చేతికే ఇచ్చాడు. "ఇగ నీ దగ్గర్నే ఉంచు బిడ్డా" అన్నాడు. చుట్టాల బువ్వ పన్నెండో తారీఖుకు మార్చారు.

తల్లి ఒక్కతే అంది: "నా కొడుకు ఇంకో దినం ఇంట్ల ఉంటడనుకున్న."

వెనక నుంచి లెక్క

ఎప్పుడు బయలుదేరాలి? ఈ లెక్కను చివరి నుంచి మొదలుపెట్టాలి.

విమానం లేచేది: 14వ తారీఖు 00:50.

వేరే దేశం పోయేవారు 3 గంటల ముందు విమానాశ్రయంలో ఉండాలి. సామాను తూచాలి. పాస్‌పోర్టు చూపాలి. ఒంటిని, సంచిని తనిఖీ చేస్తారు. ప్రతిచోటా వరుస ఉంటుంది. 00:50 నుంచి 3 గంటలు వెనక్కి పోతే 21:50. అంటే 13వ తారీఖు రాత్రి 9:50.

జగిత్యాల నుంచి హైదరాబాదు జూబ్లీ బస్ స్టేషన్‌కు బస్సులో 5 గంటలు అనుకుందాం. అక్కడి నుంచి శంషాబాదుకు గంటన్నర. రెండూ కలిపితే 6½ గంటలు. 21:50 నుంచి 6½ గంటలు వెనక్కి పోతే 15:20. అంటే మధ్యాహ్నం 3:20.

కానీ బస్సు చెడిపోవచ్చు. టైరు పంక్చర్ కావచ్చు. పట్నంలో బండ్లు ఆగిపోవచ్చు. వాన పడవచ్చు. అందుకే రెండు గంటలకు పైగా చేతిలో ఉంచుకోవాలి. కాబట్టి 13వ తారీఖు మధ్యాహ్నం 1 గంట బస్సు ఎక్కాలి. ఊరి నుంచి జగిత్యాలకు అరగంట పడుతుంది. ఇంట్లో నుంచి 12 గంటలకు కదలాలి.

విమానాశ్రయం దాకా కారు కట్టించుకోవాలని లేదు. పట్నం నుంచి ఆర్టీసీ పుష్పక్ బస్సులు విమానాశ్రయానికి నడుస్తాయి.

ఇప్పుడు మొత్తం ప్రయాణం ఎంతసేపో చూడండి. ఇంట్లో నుంచి మధ్యాహ్నం 12కు కదిలారు. దుబాయిలో దిగేది అక్కడి గడియారంలో 03:20. మన గడియారంలో 04:50. మొత్తం 16 గంటల 50 నిమిషాలు. అందులో విమానంలో ఉన్నది 4 గంటలే. మిగతా దాదాపు 13 గంటలు బస్సులోనూ, వరుసల్లోనూ, ఎదురుచూపులోనూ పోయాయి. విమానం వేగం ఎంత ఉన్నా, మనం ముందుగా కదలకపోతే అది మనకు పనికిరాదు.

టికెట్ చూస్తే 2½ గంటలే!

ఆ టికెట్ మళ్ళీ చూడండి. హైదరాబాదులో లేచేది 00:50. దుబాయిలో దిగేది 03:20. తీసేస్తే 2 గంటల 30 నిమిషాలు. మరి 4 గంటలు అన్నారే?

టికెట్ మీద ఏ ఊరి సమయం ఆ ఊరి గడియారం ప్రకారం వేస్తారు. 03:20 అన్నది దుబాయి గడియారం. దానికి గంటన్నర కలిపితే మన గడియారంలో 04:50. 04:50లో 00:50 తీసేస్తే 4 గంటలు. లెక్క సరిపోయింది.

తిరిగి వచ్చే టికెట్ ఇలా ఉందనుకుందాం. దుబాయి 21:45, హైదరాబాదు 02:45. చూడటానికి 5 గంటలు. కానీ దుబాయి 21:45 అంటే మన గడియారంలో 23:15. అక్కడి నుంచి 02:45కు 3 గంటల 30 నిమిషాలు. వెనుకగాలి చేసిన మేలు గుర్తుంది కదా?

ఇంకో సంగతి. దుబాయిలో 10వ తారీఖు ఎక్కినవారు ఇక్కడ 11వ తారీఖు దిగుతారు. టికెట్ మీద సమయం పక్కన చిన్నగా +1 అని ఉంటే, మరునాడు అని అర్థం. తీసుకురావడానికి పోయేవారు కూడా ఇది చూసుకోవాలి. లేకపోతే తప్పు రోజున పోతారు. 

దూరం అదే, కబురు మారింది

పైన చెప్పుకున్న మామ దుబాయిలో ఉన్నప్పుడు ఉత్తరాలే దిక్కు. చదువు రానివారు ఉత్తరం ఇంకొకరితో రాయించుకోవాలి. వచ్చింది ఇంకొకరితో చదివించుకోవాలి. ఇంటి సంగతి నలుగురి చెవిన పడేది. కొందరు క్యాసెట్‌లో మాటలు నింపి, ఊరికి పోయేవారి చేతికి ఇచ్చి పంపేవారు. మామ తల్లి చనిపోయినప్పుడు ఆ కబురు ఉత్తరంలో పోయింది. ఉత్తరం ఆయనకు చేరేసరికి ఇక్కడ దినకర్మ కూడా అయిపోయింది.

2,550 కిలోమీటర్లు అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. నేడు చేతి ఫోన్‌లో మనిషిని చూస్తూ మాట్లాడవచ్చు. అయితే ఎప్పుడు చెయ్యాలో తెలియాలి. ఇక్కడ పొద్దున 5:30కు లేచి ఫోన్ చేస్తే అక్కడ ఇంకా 4 గంటలే. పని చేసి అలసిన మనిషికి నిద్ర చెడుతుంది. అక్కడ సాయంత్రం 6:30కు గదికి వస్తే ఇక్కడ రాత్రి 8 గంటలు. అప్పుడు ఇంటిల్లిపాదీ మాట్లాడవచ్చు.

ఆ ఇంటి కోడలు గోడ మీద సుద్దముక్కతో రాసింది: "ఇక్కడ 8:00, అక్కడ 6:30." చదువు రాని అత్త కూడా ఆ గీతలు చూసి గుర్తుపడుతోంది. రేపోమాపో ఆమె కూడా రాత్రి బడికి వస్తుంది.

ఎండ గంటలు

దుబాయి ఉన్న దేశంలో ఎండాకాలానికి ఒక నియమం ఉంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3:00 దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. మన గడియారంలో అది మధ్యాహ్నం 2:00 నుంచి 4:30. కట్టడాల పనికి పోయేవారు, వారి ఇంటివారు ఈ సంగతి తెలుసుకొని ఉండాలి. ఆ గంటల్లో ఎండలో పని చేయిస్తున్నారంటే అది నియమానికి విరుద్ధం. దాని మీద అక్కడి కార్మిక శాఖకు ఫిర్యాదు చెయ్యవచ్చు.

బయలుదేరే ముందు చూసుకోవలసినవి

పాస్‌పోర్టులో ఉన్న పేరు, టికెట్‌లో ఉన్న పేరు ఒక్కటేనా? అక్షరం అక్షరం కలిపి చూడండి.

వీసా పని వీసానా, చూడటానికి పోయే విజిట్ వీసానా? విజిట్ వీసా మీద పనికి పోతే అక్కడ చట్టం అండగా ఉండదు.

ఏజెంటుకు ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉందా? లేనివారికి పైసలు ఇవ్వవద్దు.

పాస్‌పోర్టు, వీసా, టికెట్, పని ఒప్పందం నకళ్ళు ఇంట్లో ఒక జత ఉంచండి.

గుర్తుంచుకోండి

దూరం ÷ వేగం = కాలం.

పడమరకు పోతే గడియారం వెనక్కి, తూర్పుకు వస్తే ముందుకు.

టికెట్‌లో ఏ ఊరి సమయం ఆ ఊరిది.

00, 01, 02, 03 అని సమయం మొదలైతే, ముందు రోజు రాత్రే విమానాశ్రయంలో ఉండాలి.

అనుమానం వస్తే అడగండి. అడగడం నామోషీ కాదు.

లెక్క చెయ్యండి

1. టికెట్ మీద 17:45 అని ఉంది. మన లెక్కలో ఎంత?

2. ఒక అక్కకు కువైట్ విమానం 20వ తారీఖు 01:30కి ఉంది. ఆమె ఏ తారీఖు, ఎన్ని గంటలకు విమానాశ్రయంలో ఉండాలి?

3. ఇక్కడ రాత్రి 9 గంటలు. కువైట్‌లో ఎంత? దుబాయిలో ఎంత?

4. హైదరాబాదు నుంచి కువైట్‌కు గాలి దారి సుమారు 3,400 కిలోమీటర్లు అనుకుందాం. గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోతే గాలిలో ఎంతసేపు?

5. హైదరాబాదు 10:00, దుబాయి 12:30 అని టికెట్ ఉంది. ప్రయాణం ఎన్ని గంటలు?

6. మీ ఊరి నుంచి శంషాబాదుకు ఎంతసేపు పడుతుంది? రెండో లెక్కలోని అక్క మీ ఊరి మనిషే అయితే, ఇంట్లో నుంచి ఎప్పుడు కదలాలి? వెనక నుంచి లెక్క కట్టి రాయండి.

జవాబులు

1. సాయంత్రం 5:45. 2. 19వ తారీఖు రాత్రి 10:30. 3. కువైట్‌లో సాయంత్రం 6:30, దుబాయిలో రాత్రి 7:30. 4. 4 గంటలు. 5. 4 గంటలు. 6. ఈ జవాబు ఒక్కో ఊరికి ఒక్కో తీరుగా ఉంటుంది. మీరు రాసింది పక్కవారికి చూపండి. వారిది మీరు చూడండి. మీ వాడలో ఎవరి ఇంట్లోనైనా విమానం టికెట్ ఉంటే, ఇద్దరూ కలిసి చదివి చెప్పండి.